దిక్కు తప్పిన ఇంగ్లీషు ఇల్లు

ఆ ఇంటి గోడకి ఒక ఇత్తడి పలక బిగించి ఉంది. ఇంగ్లీషు పద్ధతిలో కట్టిన ఇల్లూ దుకాణమూ, చక్కని నమూనా అని దాని మీద చెక్కారు. ఆ 'చక్కని' అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఇంగ్లండులో ఉంటే చక్కగానే ఉండేదేమో. దాన్ని ఒక్క కిటికీ కూడా అటూ ఇటూ జరపకుండా భూగోళం అడుగుకి తెచ్చి కడితే చక్కదనం అనరు, పొరపాటు అంటారు. పొరపాటుకి ఇత్తడి పలక బిగించడం నేను మా ఊళ్ళో కూడా చూడలేదు. మా ఊళ్ళో పలకలకేం తక్కువ లేదు.

సంగతేమిటంటే, ఇంగ్లండులో సూర్యుడు దక్షిణం మీదుగా పోతాడు. అక్కడ నాలుగు డబ్బులున్న వాడెవడైనా ముందు గదులు దక్షిణానికి పెట్టుకుంటాడు, కాస్త ఎండ తగలాలని. వెన్నా మాంసమూ పెట్టుకునే సరుకుల గది ఉత్తరాన పెడతాడు, చల్లగా ఉండాలని. ఇదీ వాళ్ళ పద్ధతి. ఈ ఇల్లు కట్టినాయన బట్టల వర్తకుడు. అక్కడ తన తండ్రికి ఎలాంటి ఇల్లూ కొట్టూ ఉండేవో ఇక్కడా అలాంటివే కట్టించాడు. మంచు పడితే జారిపోవడానికి నిటారుగా పలకరాతి కప్పు. ఈ ఊళ్ళో అంత మంచు పడదు. ముందు గదికి ఎండ కోసం దక్షిణాన రెండు పెద్ద కిటికీలు. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం మీదుగా పోతాడు. అంటే ఆ గదిలోకి ఎండ వచ్చిన పాపాన పోలేదు. సరుకుల గది ఉత్తరాన కాగి, వేసంకాలంలో వెన్న తనంతట తనే నెయ్యి అయ్యేది. ఆయన ఓడలో సామానంతా తెచ్చుకున్నాడు, సూర్యుణ్ణి తెచ్చుకోవడం మరిచిపోయాడు. అన్నేళ్ళు ఆ ఇంట్లో కాపురం చేసిన మనిషి ఒక్కరోజైనా తలెత్తి చూడలేదా అని నా ప్రశ్న.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసిన వాణ్ణి. తర్వాత చదివినదంతా మా బట్టల కొట్టులో, బేరాల్లేని మధ్యాహ్నాలు, పాత కాగితాల వాడి దగ్గర తూకానికి కొన్న పుస్తకాల్లోంచి చదివాను. అందులో ఇళ్ళు కట్టే విద్య గురించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటుండేది, అట్టా లేదు, మొదటి పేజీలూ లేవు. దాన్ని ఎంత నమిలానంటే, ఇంగ్లీషువాడి ఇంట్లో ఏ గది ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ పుస్తకంలో లేనిది ఒక్కటే, ఆస్ట్రేలియా.

మాది కూడా ముందు కొట్టు, వెనక ఇల్లు. మధ్య గోడలోంచి మా అమ్మ ఒక ఇటుక తీయించింది. పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని ఆ కంతలోంచి చూస్తే గుమ్మంలో కాళ్ళు కనబడేవి. కాళ్ళని బట్టి, వచ్చింది కొనే మనిషో, కబుర్ల మనిషో, కాఫీ పెట్టాలో అక్కర్లేదో తేల్చేసేది. అటునుంచి వాసన కూడా వచ్చేది. పంచెలచాపు బేరమాడుతూ బేరమాడుతూ మధ్యలో, "ఇవాళ గోంగూరా?" అని అడిగేవాళ్ళు. ఆ బేరం మనదే అని అర్థం.

మా అమ్మాయి ఆస్ట్రేలియా రాజధానిలో హారిసన్ అనే పేటలో ఉంటుంది, అల్లుడితో. నేనూ వాళ్ళ దగ్గరే. అమ్మాయిది ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం. కాంట్రాక్టు రెన్యువల్‌కి వచ్చినప్పుడల్లా ఆమెకి తలనొప్పి వస్తుంది. తగ్గడానికి గరాజ్‌లోకి వెళ్ళి కారప్పొడి కొడుతుంది. అలా కొట్టీ కొట్టీ మా చుట్టుపక్కల గంగాలిన్‌లో తెలుగువాళ్ళకీ, తెలుగువాళ్ళు కాని వాళ్ళకీ కూడా పొడులూ పచ్చళ్ళూ మప్పేసింది. శనివారం వస్తే మా గరాజ్ ముందు కార్లు. ఆమెకున్న కోరిక ఒక్కటే. ఆఫీసు మానేసి కొట్టు పెట్టాలి, కొట్టు వెనకే ఉండాలి. హారిసన్‌లో అలాంటి ఇళ్ళుండవు. అక్కడ ఇల్లు ఇల్లే, కొట్టు కొట్టే, రెండింటి మధ్యా కారు.

హైవే మీద గంటకి పైగా వెళితే వచ్చే పాత ఊళ్ళో ఈ ఇల్లు అమ్మకానికొచ్చింది. మొదటిసారి చూడ్డానికి అమ్మాయీ నేనూ వెళ్ళాం. ఇంటావిడ పెద్దావిడ, నా ఈడుది. తలుపు తీస్తూనే, "కమిన్, లవ్," అంది నాతో. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా అనని మాట. తర్వాత పోస్టు తెచ్చిన వాణ్ణీ అదే మాటతో పిలిచింది కనక నేను పట్టించుకోలేదు.

ఇంటికి నడిమధ్య తలుపు, లోపలికి సన్నటి నడవా. కుడివైపు ముందు గది, దాని వెనక పడకగది. ఎడమవైపు కొట్టు. దానికి వేరే గుమ్మం, గుమ్మం పక్కన వీధిలోకి ఉబ్బినట్టుండే అద్దాల కిటికీ. చిన్న చిన్న అద్దపు గళ్ళు, కొన్నింట్లో గాజు అలలు తేలి, అవతల నడిచే మనిషి నీళ్ళలో నడుస్తున్నట్టుంటాడు. కొట్టు వెనక వంటిల్లు. రెండింటి మధ్య తలుపుకి, కళ్ళ ఎత్తున, చిన్న అద్దం, దానికి లేసు తెర.

అమ్మాయి ఆ తెర పక్కకి తొలగించి చూసింది. కొట్టంతా కనబడుతోంది, గుమ్మం వరకూ.

"నాన్నా, ఇది నాయనమ్మ ఇటుక," అంది.

అంతే, ఇక ఆమెకి ఇంకో ఇల్లు చూపించి లాభం లేదు. నేను ఇంటావిడకి ఇల్లు తిరగబడి ఉందని చెప్పాను. "నీ ఇంటి ముఖం వెనక్కుంది," అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. "మా ఆయన ప్రతి చలికాలం అదే మాట," అందావిడ. ఆవిడకి తొందరేం లేదు. అయితే సిడ్నీ నుంచి ఎవరో దంపతులు అడుగుతున్నారట, కొట్టులో వైన్ రుచి చూపిస్తారట. "మీరే తీసుకుంటే నాకు సంతోషం. నెలాఖరులోగా చెప్పండి, లవ్," అంది.

ఇక్కడ మా వియ్యంకుడి గురించి చెప్పాలి. ఆయన పంచాయతీరాజ్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కాలవల మీద కల్వర్టులు కట్టించారు. ఇప్పుడు ఈ దేశంలోనే, మాకు చాలా దూరాన, వెర్రిబీ అనే చోట పెద్దకొడుకు దగ్గరుంటారు. అక్కడ తెలుగువాళ్ళు స్థలం కొనేముందు బ్యాంకుకి వెళ్ళరు, ఈయన దగ్గరికి వెళతారు, వాస్తు కోసం. చాలామంది బిల్డర్లకి ఈయన పేరు తెలియదు, కానీ ఉనికి తెలుసు. కొనేవాళ్ళు ఉన్నట్టుండి మనసు మార్చుకుంటే వెనకాల ఎవరో ఉన్నారని వాళ్ళు గ్రహించారు.

వీడియో కాల్‌లో ఆయనకి ఇల్లు చూపించాం. ధర అడగలేదు, గదులు అడగలేదు.

"ఫేసింగ్ ఎటమ్మా?"

"సౌత్, మావయ్యగారూ."

అటునుంచి చప్పుడు లేదు. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాం. పోలేదు.

"దక్షిణం యమస్థానం. వద్దు," అన్నారు చివరికి. కాల్ అయిపోయింది.

అమ్మాయి మొగుడి వైపు తిరిగింది. "నువ్వేమంటావ్?"

"నాకేం ప్రాబ్లం లేదే. నాన్న ఓకే అంటే నాకు డబుల్ ఓకే. సైన్ చేసేస్తా."

"అనకపోతే?"

"బిన్స్ బయట పెట్టాలి, ఇప్పుడే వస్తా," అని లేచి వెళ్ళాడు. ఆ రోజు చెత్తబండి వచ్చే రోజు కాదు.

ఆ నెల జులై, ఇక్కడ నడి చలికాలం. వియ్యంకుడే హారిసన్ వచ్చారు. నేను ఆయన్ని దారికి తెద్దామని భోజనాల బల్ల మీద ఒక నారింజపండూ టార్చిలైటూ పెట్టాను.

"చూడండి బావగారూ. ఇది భూమి. మనది పైన, ఇక్కడ. వీళ్ళది కింద, ఇదుగో. టార్చి సూర్యుడు. మనకి దక్షిణం నుంచి కొడుతున్నాడా? వీళ్ళకి ఉత్తరం నుంచి కొడుతున్నాడు. అంటే ఇక్కడి దక్షిణం మన ఉత్తరం. కుబేరుడి దిక్కు. ఇంతకంటే మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?"

"అలాగా. ఇక్కడ సూర్యుడు పొద్దున ఎటు పొడుస్తున్నాడండీ?"

"తూర్పున."

"తూర్పు మారలేదుగా?"

"మారలేదు."

"తూర్పు మారకుండా దక్షిణం ఒక్కటే ఎలా మారింది? రెండూ ఒకే దిక్సూచిలో ఉన్నాయే! నారింజని తలకిందులు చేస్తే యముడు కాపురం మార్చేస్తాడా బావగారూ?" అని ఆ నారింజ ఒలిచి తిన్నారు.

నాకు ఆ పూట సమాధానం తోచలేదు. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూంటే తోచింది. నురగతో బయటికి వచ్చేసరికి ఆయన పూజలో ఉన్నారు. పూజలో ఉన్న మనిషితో వాదించకూడదు.

నెలాఖరు దగ్గర పడుతోంది. ఆయన ఒక్కసారి ఇల్లు స్వయంగా చూస్తానన్నారు, కాదనడానికే అయినా చూసి కాదనాలని. ఆ విషయంలో ఆయన పద్ధతైన మనిషి. నలుగురం కారులో వెళ్ళాం. దారి పొడుగునా గడ్డి మీద తెల్లగా మంచు. అమ్మాయి వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. ఆఫీసులో రెన్యువల్ కాగితం వచ్చి ఉంది. కొట్టు కాకపోతే దాని మీద సంతకం పెట్టాలి. తలనొప్పి మొదలైందని చెప్పకపోయినా నాకు తెలుసు, కణత నొక్కుకుంటోంది.

వియ్యంకుడు ఫోన్లో దిక్కులు నమ్మరు. మంకీ క్యాప్, దాని మీద మఫ్లర్, చేతిలో ఉద్యోగం నాటి ఇత్తడి దిక్సూచి. వీధిలో నిలబడి దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇంటికేసి చూశారు. ముల్లు కుదురుకుంది. ఆయన ముఖం కూడా కుదురుకుంది. దక్షిణమే. తలుపుని తూర్పుకి జరపడానికి వీలుంటుందా అని అడిగారు. అమ్మాయి హెరిటేజ్ రూల్స్ చెప్పింది. తలుపు ముట్టుకోకూడదు, కిటికీ ముట్టుకోకూడదు, రంగు కూడా వాళ్ళు చెప్పిందే వెయ్యాలి. లోపల మన ఇష్టం, బయట వాళ్ళ ఇష్టం.

"మన ఇంటి ముఖం మనది కాదన్న మాట," అన్నారాయన.

ఇంటావిడ ఆయన వాలకం చూసి ఎవరో పెద్దమనిషి అనుకుని, మర్యాదకి ముందు గదిలో కూర్చోబెట్టింది. పూల కాగితం గోడలు, నల్లటి పాలరాతి పొయ్యి, ఆ రెండు పెద్ద కిటికీలు. గదిలో మా ఊపిరి పొగలా కనబడింది. అల్లుడు చేతులు చంకల్లో దోపుకున్నాడు. వియ్యంకుడు మఫ్లర్ ఇంకో చుట్టు చుట్టారు. చివరికి ఇంటావిడే, "వెనక్కి పోదాం పదండి, లవ్. ఇక్కడెవరూ కూర్చోరు," అంది.

వంటింట్లోకి వెళ్ళేసరికి ఎండ. కిటికీ చిన్నదే అయినా పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది, అందులోంచి బల్ల మీదికీ, నేల మీదికీ, పిల్లి మీదికీ ఎండ. వియ్యంకుడు తలుపుకి దగ్గరి కుర్చీ తీసుకున్నారు. టీ వచ్చింది. కాసేపటికి మఫ్లర్ విప్పారు. మరి కాసేపటికి మంకీ క్యాప్.

ఇదే అదను అనుకున్నాను. ఎండ రాని తలుపు ఎవరూ వాడరని ఈవిడ నోటితోనే చెప్పిస్తే, ఇక్కడ దిక్కు తేల్చేది సూర్యుడేనని నా నారింజ గెలిచినట్టే. నాకొచ్చిన ఇంగ్లీషు పోగు చేసుకుని, ఆ ముందు తలుపు ఎప్పుడెప్పుడు తీస్తారని అడిగాను.

"ఫ్రంట్ డోరా? అది తియ్యనే తియ్యం. మా అత్తగారి కాలం నుంచీ అందరం ఈ పెరటి తలుపులోంచే. అది తీసేది చర్చి ఫాదర్ వస్తే. లేకపోతే శవప్పెట్టెకి," అంది. "మా అత్తగారు అందులోంచే వెళ్ళారు. మా ఆయనా అంతే."

అల్లుడు బిస్కట్టు టీలో ముంచి అలాగే ఉంచేశాడు. అది విరిగి కప్పులో పడింది.

వియ్యంకుడు కప్పు కింద పెట్టారు. చాలా నెమ్మదిగా పెట్టారు.

"విన్నారా బావగారూ?"

"విన్నాను."

"భూగోళం ఇటు తిప్పండి, అటు తిప్పండి. యముడు ఏ తలుపులోంచి వచ్చాడో ఈవిడే చెప్పింది. దీనికి మీరేమంటారు?"

అనడానికి నా దగ్గర చాలా ఉంది. శవప్పెట్టె వీధి వైపుకే వెళుతుంది, బండి వీధిలో ఆగుతుంది కనక. పెరటి తలుపు సన్నం, నడవా తిన్నగా ఉంది. ఇంగ్లండులో ఎండ పడే తలుపైనా అందులోంచే తీసుకెళతారు. యముడికి ఇందులో పాత్ర లేదు. ఇదంతా వరసగా నాలుక చివర ఉంది. మొన్న పళ్ళు తోముకుంటూ తోచింది కూడా ఉంది.

అమ్మాయి కొట్టు తలుపు దగ్గర నిలబడి ఉంది, ఆ చిన్న అద్దం పక్కన, లేసు తెర వేలికి చుట్టుకుంటూ. నాకేసి చూసింది. చిన్నప్పుడు కొట్టులో నేను కొనేవాళ్ళతో వాదనకి దిగబోతుంటే మా అమ్మ ఇటుక కంతలోంచి దగ్గేది. అమ్మాయి దగ్గలేదు. చూసింది.

"మీరన్నదే నిజం, బావగారూ," అన్నాను.

నా జీవితంలో ఈ మాట ఎవరితోనూ అన్నట్టు నాకు గుర్తు లేదు. నా జ్ఞాపకశక్తి మంచిది.

ఆయన కూడా ఇది ఊహించలేదు. కాసేపు నా ముఖంలోకి చూశారు, తర్వాత ఎండలోకి చూశారు. స్వెట్టర్ గుండీలు విప్పారు. ఇంకో టీ అడిగారు, చక్కెర ఎక్కువ వేయమన్నారు. అది తాగి దిక్సూచి తీసుకుని పెరటి మెట్టు మీదికి వెళ్ళి నిలబడ్డారు. పెరట్లో బట్టలారేసే తీగ, ఒక నిమ్మచెట్టు, చాపలు పరిచి మాగాయ ముక్కలు ఆరబెట్టుకోవడానికి ఎంత కావాలంటే అంత ఎండ. ఆయన చాలాసేపు అటు తిరిగే నిలబడ్డారు. మేం నలుగురం ఆయన వీపుకేసి చూస్తూ కూర్చున్నాం.

లోపలికి వచ్చి, "అమ్మా," అన్నారు కోడలితో. "వీళ్ళు తరతరాలుగా వాడింది ఈ తలుపేగా?"

"అవును, మావయ్యగారూ."

"అయితే సింహద్వారం ఇదే. ఉత్తర ద్వారం. కుబేరస్థానం. ఇంటి ముఖం ఇటే. అటున్నది దొడ్డి తలుపు. దొడ్డి తలుపు దక్షిణాన ఉంటే దోషం లేదు, మూసి దాని ముందు బీరువా పెట్టెయ్యండి."

ఒక్క ఇటుక కదపకుండా ఆయన ఇల్లంతా తిప్పేశారు. హెరిటేజ్ వాళ్ళకి తెలియను కూడా తెలియలేదు.

"మరి కొట్టు గుమ్మం?" అంది అమ్మాయి. "అది కూడా సౌత్ కదా."

"కొట్టుకి దిక్కేమిటమ్మా? కొట్టుకి వీధే దిక్కు."

ఉండబట్టలేక, "అటునుంచి యముడొస్తేనో?" అన్నాను.

"వస్తే రెండు సీసాలు కొనుక్కుపోతాడు. మీకెందుకు బావగారూ?"

ఇంటావిడ ఏం జరుగుతోందని అమ్మాయిని అడిగింది. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "హి సేస్ ది ఫ్రంట్ ఈజ్ ది బ్యాక్," అంది. "వెల్, ఆఫ్ కోర్స్ ఇట్ ఈజ్, లవ్," అని ఆవిడ కప్పులు తీసింది. అల్లుడు సంతకం ఎక్కడ పెట్టాలని ఆవిడనే అడిగాడు. అలాంటివి ఏజెంటు దగ్గర పెడతారని అమ్మాయి చెప్పింది.

గృహప్రవేశం పెరటి సందులోంచి చేశాం, చెత్తబిన్ల పక్కనుంచి, బిందెతో. పాలు పొంగించింది ఉత్తరపు వంటింట్లో. వియ్యంకుడు వెర్రిబీ నుంచి వచ్చి దగ్గరుండి అన్నీ జరిపించారు. ఇప్పుడు వెర్రిబీలో, తిరగబడి ఉన్న ఇంగ్లీషు ఇంటిని తనే సరిగ్గా తిప్పానని చెబుతున్నారట. ఆ ఇల్లు తిరగబడి ఉందని మొట్టమొదట అన్నదెవరో ఆయన చెప్పడం లేదు. ఇంటావిడ మొగుడు అని మీరనొచ్చు. అది నేను ఒప్పుకుంటాను.

కొట్టు బాగా నడుస్తోంది. ఒక విషయం మాత్రం రాయక తప్పదు. దక్షిణం కనక ఆ ఉబ్బు కిటికీ మీద పూట పూటంతా నీడే. గాజు సీసాల్లో ఆవకాయ ఎరుపు ఎరుపుగానే ఉంది, కందిపొడి రంగు దిగలేదు. ఇంగ్లండులో ఆ కిటికీ పెట్టినవాడు ఎండకి బట్టలు వెలిసిపోకుండా పైన తెర దించుకోవాల్సి వచ్చేది. ఇక్కడ తెర అక్కర్లేదు. అంటే ఆ బట్టల వర్తకుడు ఇల్లు తప్పు కట్టాడు, కొట్టు మాత్రం సరిగ్గా కుదిరింది. తెలిసి కట్టాడని నేననను.

వారాంతాల్లో ఈ ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఇత్తడి పలక చదివి, ఇల్లు కూడా చూడొచ్చేమోనని నడిమి తలుపు తడతారు. అవతల బీరువా ఉంది, ఎవరూ తియ్యరు. అమ్మాయి పొయ్యి దగ్గర్నుంచి ఆ చిన్న అద్దంలోకి చూస్తుంది, తడుతున్న వాళ్ళు కొట్టు వైపు వచ్చారేమోనని. "నాన్నా, మళ్ళీ ఎవరో. వెళ్ళి చూడు," అంటుంది.

నేను పెరటి మెట్టు మీద మిరపకాయలకి కాపలా కూర్చుని ఉంటాను. లేచి సందు చుట్టి వీధిలోకి వెళతాను. అప్పటికి వాళ్ళు తలుపుతో ఫోటో దిగుతూ ఉంటారు.

"అది దొడ్డి తలుపు," అంటాను. "ముందు వైపుకి రండి."

వాళ్ళు ఒకసారి నాకేసి, ఒకసారి పలకకేసి చూస్తారు. తర్వాత నా వెనకాలే చెత్తబిన్ల పక్కనుంచి వస్తారు.